హోల్‌సేల్ కిరాణా కొట్టు, ఓడీ, ఇద్దరు పిల్లలు: ముందు ఏ బీమా, ఎంతకి?

కృష్ణలంక_కొట్టు
అందరికీ నమస్కారం. విజయవాడలో హోల్‌సేల్ కిరాణా, ప్రొప్రైటర్‌షిప్ (నా ఒక్కడి పేరనే వ్యాపారం), జీఎస్టీ రెగ్యులర్. వయసు 38, పొగాకు అలవాటు లేదు. ఇంట్లో భార్య, 11, 7 ఏళ్ల పిల్లలు, నాన్న (71), అమ్మ (66, షుగర్).

సరుకు మామూలుగా 40 లక్షలు. దసరా నుంచి సంక్రాంతి దాకా 60 వరకూ పోతుంది. ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు అప్పు) 25 లక్షలు, ఇంటి లోను ఇంకా 18 లక్షలు, సప్లయర్లకి ఎప్పుడూ ఓ 12 లక్షలు బాకీ ఉంటుంది. షాపు పాలసీ బ్యాంకు వాళ్లే కట్టించారు, 25 లక్షలకి. 20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీలు (బీమా, పొదుపు కలిసినవి) రెండు, కలిపి 14 లక్షలు, 9 ఏళ్లు కట్టాం, ఏడాదికి 72 వేలు. హెల్త్ 3 లక్షల ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే మొత్తం), అందులోనే అమ్మానాన్నలు కూడా. రిటర్నులో ఆదాయం 6 లక్షలు. ఇంటి ఖర్చు నెలకి 45 వేలు. ఎండోమెంట్ కాకుండా ఇంకో లక్ష దాకా తీయగలం. ముందు ఏది చేయాలి?

పాత_మేనేజరు
ముందు ఆ 25 లక్షల షాపు పాలసీ కాగితం బయటికి తీయండి. బ్యాంకు తన అప్పు మేరకే బీమా చేయించింది. మీ సరుకు ఎంతన్నది దానికి పట్టదు. పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది, అంటే క్లెయిము డబ్బు నేరుగా ఓడీ ఖాతాలో జమ అవుతుంది, మీ చేతికి రాదు. రెన్యువల్ తేదీ కూడా మీరే చూసుకోవాలి. బ్యాంకు మర్చిపోతే పాలసీ ఆగిపోతుంది, ఆ రోజు నష్టం జరిగితే బ్యాంకుతో తగాదా పడటమే మిగులుతుంది. చిరునామా, డోర్ నంబరు, సరుకు రకం మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పండి.

సర్వే_రిపోర్ట్
మేనేజరు గారు చెప్పినదానికి లెక్క కలుపుతాను, ఎందుకంటే ఇక్కడే అందరూ దెబ్బతింటారు.

ఒకే చోట ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్న వ్యాపారాలకి 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. అన్ని జనరల్ కంపెనీల్లోనూ ఇదే పేరు, ఇవే షరతులు. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు అన్నీ ఇందులోనే ఉంటాయి. దీన్లో బీమా మొత్తం అసలు విలువకన్నా 15 శాతం వరకూ తక్కువున్నా కోత వేయరు. అంతకు మించి తక్కువైతే నిష్పత్తి ప్రకారం కోస్తారు.

మీ కేసు: నవంబరులో సరుకు 60 లక్షలు, బీమా 25 లక్షలు. కొట్టులో సగం సరుకు కాలి 30 లక్షలు పోయిందనుకోండి. 25 లక్షల పాలసీ కదా, 25 వస్తుందని అనుకుంటారు. రాదు. 30 × 25 ÷ 60 = పన్నెండున్నర లక్షలు. అందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్ (ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన భాగం) తీసేసి మిగతాది ఓడీకి పోతుంది. బీమా 51 లక్షలు (60లో 85 శాతం) ఉండి ఉంటే కోతే లేదు, 30 కి 30 లెక్కలోకి వచ్చేది.

కాబట్టి సగటుకి కాదు, ఏడాదిలో సరుకు ఎక్కువుండే రోజుకి బీమా చేయించాలి. సీజన్‌కి మాత్రమే ఎండార్స్‌మెంట్‌తో (ఉన్న పాలసీలో మార్పు రాయించి) పెంచుకోవచ్చు కానీ తేడా ప్రీమియం అంత పెద్దది కాదు, పైగా సెప్టెంబరు చివర్లో కొట్టు హడావిడిలో ఆ ఉత్తరం పెట్టడం ఎవరికీ గుర్తుండదు. ఏడాది పొడుగునా గరిష్ఠ మొత్తమే ఉంచండి.

సరుకు విలువ అంటే కొన్న ధర, మీదాకా తెచ్చుకున్న కిరాయి. మీ లాభం కలపరు.

కృష్ణలంక_కొట్టు
సార్, పాలసీలో షాపు డోర్ నంబరు ఒక్కటే ఉంది. వెనక వీధిలో అద్దె గోదాం ఉంది, సగం సరుకు అక్కడే ఉంటుంది. నూనె డబ్బాలు, పంచదార, పప్పు బస్తాలు.

సర్వే_రిపోర్ట్
అయితే ఆ గోదాంలో ఏం జరిగినా ఇవాళ్టికి ఒక్క రూపాయి రాదు. పాలసీలో రాసిన చిరునామాలో ఉన్న సరుకుకే బీమా. రెండు చోట్లా కలిపి ఒకే మొత్తానికి 'ఫ్లోటర్' రాయించండి, అప్పుడు సరుకు ఏ రోజు ఏ గోదాంలో ఎంత ఉన్నా పర్లేదు. రెండు డోర్ నంబర్లూ, గోడలు, కప్పు ఎలాంటివో (స్లాబా, రేకులా) వివరం ఇవ్వాలి. రేకుల షెడ్డుని స్లాబు అని రాస్తే క్లెయిము రోజు అదే మొదటి ప్రశ్న అవుతుంది. దీపావళికి టపాకాయలు పెట్టే అలవాటు ఉంటే చెప్పి మరీ పెట్టండి, చెప్పకుండా పెడితే మిగతా సరుకు క్లెయిము కూడా ఇరుక్కుంటుంది.

ఇంకో రెండు. షార్ట్ సర్క్యూట్‌తో మంటలు లేచి సరుకు కాలితే వస్తుంది, షార్ట్ అయిన ఆ ఫ్రీజరు లేదా ప్యానెల్ బోర్డుకి మాత్రం రాదు. కరెంటు పోయి ఫ్రీజరులో సరుకు పాడైతే ఈ పాలసీలో రాదు.

పద్దుపుస్తకం
సీఏ కోణంలోంచి ఒక మాట, చాలామంది ఏజెంట్లు దీన్ని వదిలేస్తారు. సరుకు కాలినా, మునిగినా, దొంగలు ఎత్తుకుపోయినా దాని మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీ పన్నులోంచి తగ్గించుకున్నది) తిరిగి కట్టాలి. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) అదే చెబుతుంది. మీ పుస్తకాల్లో స్టాక్ జీఎస్టీ లేకుండా ఉంటుంది. 30 లక్షల సరుకు పోతే, సరుకు రకాన్ని బట్టి 5 శాతమో 18 శాతమో క్రెడిట్ మీ జేబులోంచి పోతుంది. కేవలం 5 శాతం అనుకున్నా లక్షన్నర. బీమా మొత్తంలో జీఎస్టీ కలిసి ఉంటేనే ఆ నష్టం క్లెయిములో అడగగలరు. అందుకని 60కి బదులు 65 లక్షలు పెట్టి, ప్రపోజల్‌లో 'స్టాక్, రివర్స్ చేయాల్సిన జీఎస్టీతో సహా' అని రాయించండి. ఫైర్ ప్రీమియం మీద కట్టే జీఎస్టీకి మీకు క్రెడిట్ వస్తుంది, ఆ బిల్లు మీ జీఎస్టీ నంబరుతో తీసుకోండి.

రెండోది పుస్తకాలు. కొట్టు కాలితే బస్తాలు లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు. సర్వేయరు (నష్టం లెక్కకట్టడానికి బీమా కంపెనీ పంపే మనిషి) స్టాక్‌ని ఇలా కడతారు: ఏప్రిల్ 1 నాటి స్టాక్ 38 లక్షలు, అక్టోబరు మధ్య దాకా కొనుగోళ్లు 182 లక్షలు, అమ్మకాలు 190 లక్షలు, గ్రాస్ లాభం 8 శాతం. అమ్మిన సరుకు కొన్న ధర 174.8 లక్షలు. ఉండాల్సిన స్టాక్ 38 + 182 − 174.8 = 45.2 లక్షలు. క్లెయిములో మీరు 58 అని రాస్తే మిగతా 12.8 ఎక్కడిదో చూపించాలి. బిల్లు లేకుండా కొన్న సరుకుకి బీమా లేనట్టే. బిల్లు లేకుండా అమ్మితే ఇంకా గమ్మత్తు: పుస్తకాల్లో స్టాక్ పేరుకుపోయి గోదాం పట్టనంత కనిపిస్తుంది, సర్వేయరు గోదాం పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి అడుగుతారు.

ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్ రోజూ కొట్టు బయటికి పోవాలి. అదే కంప్యూటరు పక్కన పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే రెండూ కలిసే కాలతాయి.

పాత_మేనేజరు
పద్దుపుస్తకం గారి మాటకి తోడు: నెలనెలా బ్యాంకుకి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటు. డ్రాయింగ్ పవర్ (సరుకుని బట్టి ఓడీలోంచి తీయగలిగే పరిమితి) కోసం దాంట్లో సరుకు పెంచి రాసేవాళ్లు ఉంటారు. క్లెయిము వచ్చినప్పుడు సర్వేయరు బ్యాంకు దగ్గర ఆ స్టేట్‌మెంట్లు తెప్పించుకుని జీఎస్టీ రిటర్నులతో పక్కపక్కన పెడతారు. పెంచి రాసిన అంకె రెండు విధాలా కొడుతుంది. దాన్నే స్టాక్ విలువగా తీసుకుంటే బీమా తక్కువైందని కోత. కాదు, అది అబద్ధం అంటే మీ లెక్కలేవీ నమ్మరు.

వరంగల్_పార్ట్‌నర్
వరద సంగతి కూడా చెప్పండి. బుడమేరు 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్ వైపు ముంచినప్పుడు కొట్లవాళ్లు రెండు మూడు రోజులు లోపలికే పోలేకపోయారు. అలాంటప్పుడు క్లెయిముకి ఏం చేయాలి?

సర్వే_రిపోర్ట్
కొట్టుదాకా వెళ్లలేకపోయినా సమాచారం అదే రోజు ఇవ్వచ్చు. కస్టమర్ కేర్ ఫోను, ఈమెయిలు రెండూ చేయండి. ఈమెయిల్లో పాలసీ నంబరు, చిరునామా, ఎప్పుడు నీళ్లొచ్చాయి, అంచనా నష్టం రాస్తే చాలు. అంకె తర్వాత మార్చుకోవచ్చు.

షట్టరు తీయగానే చేసే పెద్ద పొరపాటు, వాసనొస్తోందని తడిసిన బస్తాలు మున్సిపాలిటీ బండికి ఎత్తేయడం. సర్వేయరు చూడకుండా పోయిన సరుకు క్లెయిములో నిలబడదు. ముందు గోడ మీద నీటి గుర్తు దగ్గర టేపు పెట్టి ఫోటో తీయండి, ఆ గుర్తు కింద ఎన్ని వరుసల బస్తాలు ఉన్నాయో అదే చెబుతుంది. ప్రతి రకానికీ తడిసినవి, పొడివి వేరు చేసి, లాట్ నంబరు కనిపించేలా వీడియో. పంచదార కరిగి ఖాళీ సంచులు మిగులుతాయి, ఆ సంచులు పారేయకండి, వాటినే లెక్కపెడతారు. కుళ్లిపోయి ఉంచలేనివి ఉంటే పారేసే ముందు సర్వేయరుకి ఈమెయిలు చేసి, ఆయన సరే అన్న జవాబు దగ్గర పెట్టుకోండి. సీలు చెక్కుచెదరని నూనె డబ్బాలు సాల్వేజ్ (నష్టం తర్వాత అమ్ముకోగలిగే సరుకు) కింద పోతాయి, వాటి విలువ క్లెయిములోంచి తీసేస్తారు. ఆ ధర ఎవరు కడుతున్నారో చూసుకోండి, మీరే ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ల కొటేషన్లు తెచ్చి ఇస్తే బేరం మీ వైపు ఉంటుంది.

గుంటూరు_ఏజెంట్
షాపు సంగతి తేలింది. ఇప్పుడు మనిషి సంగతి. ప్రొప్రైటర్‌షిప్‌లో కొట్టు అప్పు వేరు, ఇంటి ఆస్తి వేరు అని చట్టం చూడదు. మీరు లేకపోతే వారసులు సొంత సంపాదనలోంచి కట్టక్కర్లేదు కానీ, మీ నుంచి వాళ్లకి వచ్చిన ఆస్తి మేరకు కట్టాలి. ఆ ఆస్తిలో ఇల్లూ ఉంది.

టర్మ్ (పాలసీ గడువులో చనిపోతేనే డబ్బొచ్చే బీమా) ఎంత కావాలి: అప్పులు 25 + 18 + 12 = 55 లక్షలు. ఇంటి ఖర్చు ఏడాదికి 5.4 లక్షలు, 15 ఏళ్లకి 81 లక్షలు (ధరల పెరుగుదలని వడ్డీ మింగేస్తుందనుకుని). పిల్లల చదువులకి 40. మొత్తం 176 లక్షలు, రౌండు చేస్తే 2 కోట్లు. రావాల్సిన ఉద్దర బాకీలు ఈ లెక్కలోంచి తీసేయొద్దు. యజమాని పోయాక ఉద్దర ఖాతాలు వసూలవడం ఎలా ఉంటుందో కొట్టువాళ్లకి చెప్పక్కర్లేదు.

చిక్కు ఏమిటంటే 6 లక్షల రిటర్నుకి 2 కోట్లు ఇవ్వరు. ఈ వయసుకి సాధారణంగా ఆదాయానికి 15–20 రెట్లు, అదీ మూడేళ్ల రిటర్నులు చూసి. అంటే ఇప్పుడు 90 లక్షల నుంచి 1.2 కోట్లు. ఎంత వస్తే అంత ఇప్పుడే తీసుకోండి, వచ్చే రిటర్నుల్లో అసలు లాభం చూపించి రెండోది తీసుకోండి. పన్ను మిగిలిందని సంబరపడే 'తక్కువ రిటర్ను' ఖరీదు ఇదే.

టర్మ్_మాత్రమే
మొదటి పాలసీని ఎండబ్ల్యూపీ చట్టం కింద పెట్టించండి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, సెక్షన్ 6. పెళ్లయిన మగవాడు తన మీద తీసుకున్న పాలసీ భార్య, పిల్లల పేర ట్రస్టు అయిపోతుంది. అప్పులవాళ్లు, కోర్టు అటాచ్‌మెంటు దాన్ని తాకలేరు. మీ ఆస్తిలో భాగమే కాదు కాబట్టి పైన ఏజెంటు గారు చెప్పిన 'వారసత్వం మేరకు' లెక్కలోకీ రాదు.

పద్ధతి: ప్రపోజల్‌తో పాటే ఎండబ్ల్యూపీ అనుబంధ ఫారం నింపాలి. లబ్ధిదారుల పేర్లు, ఎవరికి ఎంత శాతం, ట్రస్టీ పేరు. భార్యే ట్రస్టీగా ఉండొచ్చు. పాలసీ వచ్చాక పెట్టిస్తామంటే కుదరదు. ఒకసారి పేర్లు రాశాక మార్చలేరు, విడాకులైనా సరే. దాని మీద మీరు లోను తీసుకోలేరు, బ్యాంకుకి అసైన్ చేయలేరు (అప్పుకి హామీగా రాసివ్వలేరు).

పాత_మేనేజరు
అందుకే రెండు పాలసీలూ ఎండబ్ల్యూపీలో పెట్టకండి. కుటుంబానికి పెట్టుకున్నది ఎండబ్ల్యూపీ. అప్పులకి సరిపడే రెండోది మామూలుగా, నామినీగా భార్య. బ్యాంకు అడిగితే అసైన్ చేయడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి, లేకపోతే ఓడీ రెన్యువల్‌కి వాళ్ల సొంత లోన్ ఇన్సూరెన్స్ అంటగడతారు. ఒక హెచ్చరిక: అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతో ఎండబ్ల్యూపీ పాలసీ కట్టారని రుజువైతే, ఆ పాలసీ డబ్బులోంచి అప్పులవాళ్లు వసూలు చేసుకునే హక్కు పోదని అదే సెక్షన్‌లో ఉంది. వ్యాపారం బాగున్నప్పుడు తీసుకోవాల్సిన పాలసీ ఇది.

గుంటూరు_ఏజెంట్
ఇంకోటి. ప్రపోజల్‌లో పొగాకు, బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు, ఉన్న పాలసీలు అన్నీ రాయండి. మొదటి మూడేళ్లలో చనిపోతే విచారణ ఉంటుంది. మూడేళ్లు నిండాక బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించలేరు. ఫారం ఏజెంటు నింపినా సంతకం మీది, చదివి పెట్టండి. ఏజెంటుగానే చెబుతున్నాను.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. పాత కొటేషన్లో 18 శాతం కలిపి ఉంటే కొత్తది అడగండి.

టర్మ్_మాత్రమే
ఎండోమెంట్లు వెంటనే సరెండర్ చేసి (మధ్యలో ఆపి వచ్చింది తీసుకుని) ఆ 72 వేలు టర్మ్‌కి మళ్లించండి. 14 లక్షల కవరేజికి 72 వేలు ఏ లెక్క?

గుంటూరు_ఏజెంట్
తొందరపడకండి. 9 ఏళ్లు కట్టారు. మానేస్తే పెయిడప్ అవుతుంది: 14 × 9 ÷ 20 = 6.3 లక్షలు, పైన ఇప్పటిదాకా జమైన బోనసు. మెచ్యూరిటీకి వస్తుంది, ఇక కట్టక్కర్లేదు. సరెండర్ చేస్తే ఇవాళ చేతికొచ్చేది అంతకన్నా తక్కువ.

పద్దుపుస్తకం
ఇద్దరూ అంకెల్లేకుండా వాదిస్తున్నారు. బ్రాంచికి ఈమెయిలు పెట్టి మూడు అంకెలు రాతపూర్వకంగా తెప్పించండి: ఇవాళ్టి సరెండర్ విలువ, పెయిడప్ చేస్తే మెచ్యూరిటీకి వచ్చేది, చివరిదాకా కడితే అంచనా మెచ్యూరిటీ. ఎక్సెల్‌లో ఇవాళ్టి సరెండర్ విలువని ఇవాళ పెట్టిన పెట్టుబడిగా, తర్వాత 11 ఏళ్లు 72 వేల చొప్పున కట్టినట్టుగా వేసి రాబడి చూడండి. ఇప్పటిదాకా కట్టిన డబ్బు లెక్కలోకి తేవద్దు, అది ఎలాగూ పోయింది. మిగిలిన 11 ఏళ్ల రాబడి పీపీఎఫ్ 7.1 శాతాన్ని దాటితే కొనసాగించండి, 6 లోపుంటే పెయిడప్. మధ్యలో ఉంటే మీ ఓపిక. ఏదైనా సరే, టర్మ్ పాలసీ చేతికి రాకముందు పాత పాలసీ ముట్టుకోకండి. మెడికల్ టెస్టులో తేడా వచ్చి టర్మ్ రాకపోతే ఆ 14 లక్షలే దిక్కు.

పీపీఎఫ్ అన్నాం కాబట్టి: అప్పుల కోర్టు డిక్రీకి పీపీఎఫ్ ఖాతాని అటాచ్ చేయలేరు, ఇన్‌కం ట్యాక్స్ బాకీ అయితే వేరు. ప్రొప్రైటరుకి ఆ రక్షణ విలువైనది. ఏడాదికి లక్షన్నర దాకా వేయొచ్చు.

ఆస్పత్రి_డెస్క్
హెల్త్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 71 ఏళ్ల నాన్నగారిని, చిన్నపిల్లల్ని ఒకే ఫ్లోటర్‌లో పెడితే ప్రీమియం పెద్దాయన వయసుకి కడతారు. ఒక్క అడ్మిషన్‌తో 3 లక్షలూ అయిపోతాయి. మీరు నలుగురూ విడిగా 10 లక్షల ఫ్లోటర్, దాని మీద 10 లక్షలు డిడక్టిబుల్‌తో (బిల్లు 10 లక్షలు దాటాకే ఇచ్చే) సూపర్ టాపప్. టాపప్ కాదు, సూపర్ టాపప్. టాపప్ ఒక్కో బిల్లుని విడివిడిగా చూస్తుంది, సూపర్ టాపప్ ఏడాది బిల్లులన్నీ కలుపుతుంది.

పాత 3 లక్షల పాలసీని అమ్మానాన్నలకి కొనసాగించండి, మానేయకండి. అమ్మగారి షుగర్‌కి వెయిటింగ్ పూర్తయి ఉంటే ఆ క్రెడిట్ పోగొట్టుకోకూడదు. కంపెనీ మారాలంటే పోర్టింగ్, రెన్యువల్‌కి 45 రోజుల ముందే మొదలుపెట్టండి. నాన్నగారికి 70 దాటింది కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డుకి ఆదాయంతో పనిలేదు, ఆధార్‌తో తీసుకోవచ్చు, 5 లక్షల దాకా. ఎంప్యానెల్ అయిన (ఆ పథకం జాబితాలో ఉన్న) ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది, జాబితా ముందే చూసుకోండి.

ఇక గది అద్దె. 3 లక్షల పాలసీలో 1 శాతం అని ఉంటే రోజుకి 3 వేలు. 6 వేల గది తీసుకుంటే అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చులకీ సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకి ఈ కోత ఉండకూడదు. వాటికీ వేస్తే రాసి అడగండి. డిశ్చార్జి రోజు కౌంటరు దగ్గర గొడవలు ఎక్కువగా దీని మీదే.

వరంగల్_పార్ట్‌నర్
మాది ఇద్దరు పార్ట్‌నర్ల హార్డ్‌వేర్ షాపు. ఇవే సలహాలు మాకూ సరిపోతాయా?

పద్దుపుస్తకం
షాపు పాలసీ అంతే. తేడా ఒకచోట: 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 42 ప్రకారం డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే ఒక పార్ట్‌నర్ చనిపోగానే ఫర్మ్ రద్దవుతుంది. ఇద్దరే ఉంటే మిగిలేది ఒక్కరే కాబట్టి డీడ్‌లో వారసుణ్ని చేర్చుకునే నిబంధన, లేదా వాటా విలువ ఎలా కట్టాలి, ఎన్ని నెలల్లో ఇవ్వాలి అన్నది ఉండాలి. ఆ వాటా కొనడానికి సరిపడా టర్మ్ ఒకరి మీద ఒకరు తీసుకుంటారు. డీడ్ లేకుండా పాలసీ ఒక్కటే ఉంటే ఆ డబ్బు దేనికోసమో అని రెండు కుటుంబాలూ కొట్టుకుంటాయి.

ప్రొప్రైటరు అయితే పోయిన తర్వాత వారసులు కొత్త జీఎస్టీ నంబరు తీసుకుని, మిగిలిన క్రెడిట్ ఐటీసీ-02 ఫారం ద్వారా మార్చుకోవాలి. కరెంటు అకౌంటుకీ నామినేషన్ ఉంటుంది, చాలామంది పెట్టరు. రేపే బ్యాంకుకి వెళ్లి చూసుకోండి.

కృష్ణలంక_కొట్టు
చాలా థ్యాంక్సండీ. రేపు షాపు పాలసీని 65 లక్షలకి, రెండు చోట్లకీ ఫ్లోటర్‌గా అడుగుతాను. చివరి ప్రశ్న: దొంగతనం ఇందులో వస్తుందా? నలుగురు పనివాళ్లు ఉన్నారు.

సర్వే_రిపోర్ట్
మంటలో, వరదలో నష్టం జరిగాక 7 రోజుల్లోపు ఆ గందరగోళంలో జరిగిన దొంగతనం వస్తుంది. మామూలు దొంగతనానికి విడిగా బర్గ్లరీ పాలసీ. అందులో తాళం పగలగొట్టిన, గోడకి కన్నం వేసిన గుర్తులు కావాలి, ఎఫ్ఐఆర్ కావాలి. పగటిపూట షాపులోంచి మాయమైతే రాదు. బస్తాలన్నీ ఒక్క రాత్రిలో ఎత్తుకుపోరు కాబట్టి మొత్తం స్టాక్ విలువ చూపించి, అందులో 25 శాతానికి 'ఫస్ట్ లాస్' పద్ధతిలో తీసుకుంటే ప్రీమియం తగ్గుతుంది. గల్లాపెట్టెలో క్యాష్ దీన్లోకి రాదు, మనీ ఇన్సూరెన్స్ వేరు. పనివాళ్ల చేతివాటానికి ఫిడెలిటీ గ్యారంటీ ఉంది. బస్తా మీదపడి ఎవరికైనా దెబ్బ తగిలితే, మీకు పదిమంది లోపే ఉన్నారు కాబట్టి ఈఎస్ఐ తప్పనిసరి కాదు, ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోవాలి. దాంట్లో హమాలీలని కూడా రాయించండి, జీతం రిజిస్టర్‌లో లేకపోయినా మీ పని చేస్తుండగా దెబ్బ తగిలితే అడిగేది మిమ్మల్నే.